టైగర్ గోళ్లు - నా సంజాయిషీ

(పెన్షనర్ల దినోత్సవం సందర్భంగా నిజామాబాదులో జరిగిన మన సంఘ సభ్యుల కుటుంబ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శి గారు నన్ను ఏదైనా 'పనికివచ్చే సంగతి' మాట్లాడమన్నారు. కరువు భత్యం గురించి, వైద్య బిల్లుల గురించి నాకంటే బాగా చెప్పగలవారు ఈ సభలోనే ఉన్నారు. అందుచేత నేను కుక్క గోళ్లు తీయడం గురించి చెప్పదలచుకున్నాను. నవ్వండి, ఫరవాలేదు. అయితే నవ్వేముందు ఒక్కసారి నా ఎడమచేయి చూడండి. బొటనవేలి పక్కన ఉన్న ఈ రెండు మచ్చలు నా అజ్ఞానానికి పడ్డ ఆఫీసు ముద్రలు. మన ఇళ్లలో చాలామందికి కుక్కలున్నాయి. పిల్లలు తెచ్చుకుంటారు, ఉద్యోగాలకని దుబాయికో హైదరాబాదుకో అమెరికాకో వెళ్లిపోతారు, కుక్క మన వంతుకు మిగులుతుంది. కనుక ఈ సంగతి ఏదో ఒకరోజు మీకు పనికివస్తుందని నా నమ్మకం.

మా కుక్క పేరు టైగర్. పేరుకే పులి, దాని గుండె పిల్లిది. దీపావళి వస్తే మూడు రోజులు మంచం కింద నుంచి బయటికి రాదు. పదేళ్ల కిందట మా అబ్బాయి తెచ్చాడు. వాడు గల్ఫుకు వెళ్లాక అది మా ఆవిడ కుక్క అయింది. మా ఇల్లు ఖిల్లా వైపు. మా ఆవిడ రోజూ పొద్దున్నే దాన్ని వెంటబెట్టుకుని ఖిల్లా రామాలయం దారిన రాళ్ల మీద నడిచి వచ్చేది. ఆ ఏడేళ్లలో టైగర్ గోళ్ల గురించి మాకు ఆలోచనే రాలేదు. రాళ్ల మీద అవే అరిగిపోయేవి.

మూడేళ్ల కిందట మా ఆవిడ కాలం చేసింది. నా మోకాళ్లు ఆ ఎత్తు ఎక్కనివ్వవు. టైగర్ నడక ఇంటి గేటు దాకా వచ్చి ఆగిపోయింది. అదే సమయంలో అబ్బాయి డబ్బు పంపితే షాబాదు బండలు తీయించి నున్నటి టైల్సు వేయించాం. గోళ్లు అరిగే దారి రెండు వైపులా మూసుకుపోయింది. రాత్రిళ్లు అది నడుస్తుంటే టైల్సు మీద టిక్కు టిక్కుమని చప్పుడు వచ్చేది. ఆ చప్పుడుకు నిద్ర పట్టక విసుక్కున్నానే తప్ప, అది ఒక దరఖాస్తు అని గ్రహించలేదు. కుక్క తిన్నగా నిలబడినప్పుడు గోళ్లు నేలకు తగులుతున్నాయంటే అవి పెరిగిపోయాయని అర్థం. అలా పెరిగితే పాదం వెనక్కి వాలుతుంది, నడక మారుతుంది, కీళ్ల మీద బరువు పడుతుంది. వయసు మళ్లిన కుక్కకు నున్నటి నేల మీద కాళ్లు జారతాయి. ఈ కష్టం ఈ సభలో ఉన్నవారికి నేను వివరించనక్కరలేదు.

కిందటి వానాకాలంలో ఒక ఆదివారం నాకు బుద్ధి పుట్టింది. పక్కింటి కుర్రవాణ్ణి పిలిచాను. ఇద్దరం కలిసి టైగర్ మీద గోనెసంచి కప్పి, నేలకు అదిమిపట్టి, నేను వాడే గోళ్ల కత్తెరతో మొదలుపెట్టాను. మొదట అది పెదవులు నాకింది, ఆవులించింది, మొహం పక్కకు తిప్పుకుంది. తోక కాళ్ల మధ్య పెట్టుకుంది. తరువాత ఒళ్లు కట్టెలా బిగదీసి, కళ్ల అంచున తెల్లగుడ్డు కనబడేలా చూసింది. ఆపైన గుర్రుమంది. నేను 'నోర్ముయ్' అని ఒక్కటేశాను. మూడో గోరు చిగురు దాకా తెగింది. నెత్తురు వచ్చింది. ఆ క్షణంలోనే నా చేతిలోనూ నెత్తురు వచ్చింది.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి అవసరమైన మాట చెబుతాను. పెంపుడు కుక్క కరిచినా, టీకాలు వేయించిన కుక్క కరిచినా, ముందు పంపు కింద ధారగా నీళ్లు వదిలి సబ్బుతో పదిహేను నిమిషాలు గాయం కడగాలి. కారం, సున్నం, పసుపు పెట్టకూడదు. వెంటనే దవాఖానకు వెళ్లాలి. మన చిన్నతనంలో బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు వేసేవారు, ఆ భయంతోనే చాలామంది కరిచిన సంగతి దాచుకునేవారు. గొర్రె మెదడు నుంచి తీసిన ఆ పాత టీకా తయారీ మన దేశంలో 2004తో ఆగిపోయింది. ఇప్పుడు భుజానికి వేస్తారు. నాకు మొదటి రోజు, మూడో రోజు, ఏడో రోజు, ఇరవై ఎనిమిదో రోజు అని చీటీ రాసిచ్చారు. కరిచిన కుక్కను పది రోజులు కనిపెట్టి ఉండమని కూడా చెప్పారు.

ఇంటికి వచ్చేసరికి మా ఇంట్లో కోర్టు నడుస్తోంది. మా కోడలు మంచి పిల్ల, కానీ తల్లి. "మామయ్యా, పాప రోజంతా దాని పక్కనే ఆడుకుంటుంది. ఇవాళ మీ చేయి, రేపు దాని మొహం అయితే?" అంది. అందులో తప్పేముంది? చూడవచ్చిన బంధువొకాయన, "దీనికి ఇంత ఆలోచనెందుకు? బోధను దాటాక చెరుకు తోటల్లో వదిలేసి వద్దాం, ఏదో తిని బతుకుతుంది" అన్నాడు.

చెరుకు తోటల మాట వినగానే నాకు ఉద్యోగంలో చేరిన రోజులు గుర్తుకు వచ్చాయి. నేను బోధను తాలూకా కచేరీలో గుమస్తాగా చేరినప్పుడు, 1937లో స్థాపించిన నిజాం షుగర్ ఫ్యాక్టరీ ఊరికి ప్రాణం. సీజనులో శక్కర్‌నగర్ దారి పొడుగునా చెరుకు బండ్లు బారులు తీరేవి. 2015 డిసెంబరులో ఆ గానుగ ఆగిపోయింది. పనిచేసినన్నాళ్లు చేయించుకుని, పని అయ్యాక వదిలేస్తే ఎలా ఉంటుందో ఆ పక్క ఊళ్లవారిని అడగాలి. ఇంటి అన్నం తిని పెరిగిన పదేళ్ల కుక్క తోటల్లో ఏం తిని బతుకుతుంది? పైగా ఆకలితోనో దాహంతోనో బాధపడేలా పెంపుడు జంతువును అకారణంగా వదిలేయడం 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం 11వ సెక్షను కింద నేరం. మొదటిసారికి జరిమానా పది నుంచి యాభై రూపాయలని చట్టంలో రాశారు. జరిమానా చిన్నదే, కానీ నేరం నేరమే. అన్నిటికంటే పెద్ద సంగతి, కరిచిన కుక్కను వదిలేస్తే పది రోజులు కనిపెట్టి ఉండేదెవరు?

నేను కోడలితో అన్నాను: "అమ్మా, ముప్ఫై అయిదేళ్లు గవర్నమెంటు నౌకరీ చేశాను. ఎంత తప్పు చేసినవాణ్ణయినా సంజాయిషీ అడగకుండా తీసేయలేదు. దీనికీ ఒక నెల గడువు ఇవ్వు. అప్పటిదాకా పాపను దాని దగ్గరికి ఒంటరిగా పోనివ్వద్దు." సరేనంది.

భారతం చివర ధర్మరాజు వెంట నడిచిన కుక్క సంగతి అందరూ చెబుతారు. మొదట్లోనూ ఒక కుక్క ఉంది. జనమేజయుడు యాగం చేస్తున్న చోటికి సరమ కొడుకు ఆడుకుంటూ వస్తే, రాజు తమ్ముళ్లు దాన్ని కొట్టారు. ఏ తప్పూ చేయని నా బిడ్డను ఎందుకు కొట్టారని సరమ వచ్చి అడిగితే జవాబు చెప్పలేకపోయారు. విచారణ లేకుండా శిక్షించినందుకు శాపం తగిలింది. నాకు తగిలినది ఈ రెండు పళ్ల గాట్లు.

మర్నాడు టైగర్‌ను పశువుల దవాఖానకు తీసుకెళ్లాను. డాక్టరు గారు కొంచెం దూరం నుంచే కాసేపు చూసి, తగిన జాగ్రత్తతో మూతికి చిక్కం వేసి, మత్తు ఇచ్చి పరీక్ష చేశారు. ముందు కాలికి లోపలి వైపు కాస్త పైన ఒక గోరు ఉంటుంది. అది నేలకు తగలదు, ఎంత నడిచినా అరగదు. టైగర్‌కు ఆ గోరు గుండ్రంగా తిరిగి మాంసంలో గుచ్చుకుని ఉంది. చుట్టూ చీము. నేను గోనెసంచి వేసి అదిమిపట్టింది సరిగ్గా ఆ కాలినే. మిత్రులారా, సంజాయిషీ దొరికింది. తప్పెవరిదో తేలింది.

డాక్టరు గారు ఆ గోరు కత్తిరించి కట్టు కట్టారు. సామాన్యంగా కుక్కకు ముందు కాళ్లకు అయిదేసి, వెనుక కాళ్లకు నాలుగేసి, మొత్తం 18 గోళ్లు ఉంటాయి. ఒకటి ఆయన తీశారు. "మిగిలిన పదిహేడూ ఇప్పుడే తీయమంటే తీస్తాను. కానీ ప్రతినెలా మత్తు ఇస్తామా? ముందు దాని భయం పోగొట్టండి" అన్నారు.

భయం ఎలా పోతుంది? రష్యాలో పావ్లోవ్ అనే శాస్త్రజ్ఞుడు ఉండేవాడు, 1904లో నోబెలు బహుమతి అందుకున్నాడు. అన్నం పెట్టే ముందు ప్రతిసారీ ఒక శబ్దం చేస్తూ వస్తే, కొన్నాళ్లకు ఆ శబ్దం వినగానే కుక్క నోట్లో నీరూరుతుందని ఆయన చూపించాడు. అది రెండు వైపులా పనిచేస్తుంది. కత్తెర చప్పుడు తరువాత నొప్పి వస్తే, చప్పుడు వినగానే భయం. కత్తెర చప్పుడు తరువాత కోడిగుడ్డు ముక్క వస్తే, చప్పుడు వినగానే తోక ఊపడం. మన పని ఆ లెక్కను తిరగరాయడమే. పాత బాకీ ఉంది కనుక వాయిదాల మీద తీర్చాలి.

నేను చేసిన విధానం వరుసగా చెబుతాను. పుండు మానేదాకా కాళ్ల జోలికి పోలేదు. తరువాత రోజుకు రెండుసార్లు, ఒక్కోసారి రెండే నిమిషాలు. మొదటి నాలుగు రోజులు భుజం మీద చేయి వేయడం, ఉడికిన గుడ్డు ముక్క పెట్టడం, అంతే. తరువాత చేయి మోకాలి దాకా, ఆపైన పాదం దాకా. కాలు లాక్కుంటే వదిలేసేవాణ్ణి. పట్టుకోవడం మన చేతిలోనూ, వదిలించుకోవడం దాని చేతిలోనూ ఉందని దానికి తెలియాలి. తరువాత కత్తెర నేల మీద పెట్టి, అది వాసన చూస్తే ఒక ముక్క. కుక్కల కోసం వేరే గోళ్ల కత్తెర దొరుకుతుంది, అదే కొన్నాను. తరువాత ఒక చీపురుపుల్ల తీసుకుని దాని ఎదుట టక్కున కత్తిరించడం, ముక్క పెట్టడం. ఈ చీపురుపుల్లల పని మా మనుమరాలిది. తల్లిని అడిగి, దూరంగా కుర్చీలో కూర్చుని, "తాతా, నేనూ గుమస్తానే" అంటూ చేసింది.

మనది చక్కెర ప్రాంతం కదా అని బెల్లం, చక్కెర పెట్టకండి. చాక్లెట్, ద్రాక్ష, కిస్‌మిస్, ఉల్లి కుక్కలకు విషం వంటివి. పెట్టిన గుడ్డును ఆ పూట తిండిలో తగ్గించండి.

మధ్యలో నాకు విసుగు వచ్చింది. బోధను పక్క ఊరి పాత మిత్రుడొకాయన కనిపిస్తే, "మీరు ఇంత పెద్ద ఎద్దులకు నాడాలు కొట్టించేవారు కదా, ఇంత చిన్న కుక్క ముందు నేను ఓడిపోయాను" అన్నాను. ఆయన, "సారూ, ఎద్దును తాడేసి పడగొడ్తం. ఏడాదికి ఓసారో రెండుసార్లో పని, అయిపోతది. పడగొట్టిన నాడు అది మనల్ని నమ్ముతదా? నమ్మది. కుక్క గట్ల గాదు. అది ఇంట్ల మనిషి లెక్క. దాన్ని పడగొడితే యాదిల పెట్టుకుంటది" అన్నాడు. నాకు పుస్తకాలు చదివి తెలిసిన సంగతి ఆయనకు ఎద్దుల దగ్గర తెలిసింది.

ఇక అసలు కత్తిరించడం. వెలుతురు బాగా ఉండాలి, కళ్లద్దాలు పెట్టుకోవాలి. వేలిని మెల్లగా పట్టుకుంటే గోరు ముందుకు వస్తుంది. తెల్లగోరులో లోపల గులాబి రంగు కనబడుతుంది. అదే చిగురు. నెత్తురు, నొప్పి అక్కడే ఉంటాయి. దానికి ముందే ఆగాలి. నల్లగోరులో చిగురు కనబడదు. అందుకని బియ్యపు గింజంత ముక్కలుగా తీస్తూ, ప్రతిసారీ తెగిన ముఖం చూడాలి. మధ్యలో చిన్న చుక్కలా వేరే రంగు కనబడితే చాలించాలి. గోళ్లు మరీ పెరిగితే చిగురు కూడా వాటితో ముందుకు వచ్చి ఉంటుంది. ఒక్కరోజులో పొట్టి చేయాలనుకుంటే తెగేది చిగురే. కొద్దికొద్దిగా తరచూ తీస్తుంటే చిగురు తానే వెనక్కి తగ్గుతుంది. తరువాత మూడు నాలుగు వారాలకొకసారి చూసుకుంటే సరిపోతుంది.

పొరపాటున నెత్తురు వస్తే గాభరాపడి అరవకండి. క్షౌరశాలలో గడ్డం గీశాక రాసే పటిక మీకు తెలుసు. ఆ పటిక పొడి గానీ, అది లేకపోతే మొక్కజొన్న పిండి గానీ అద్ది, శుభ్రమైన గుడ్డతో కొన్ని నిమిషాలు ఒత్తిపట్టుకోండి. మాటిమాటికీ తీసి చూడకూడదు. ఇరవై నిమిషాలకీ ఆగకపోతే డాక్టరు దగ్గరికి పోవాలి.

చేయకూడనివి నాలుగు. కుక్క గుర్రుమంటే కొట్టవద్దు. గుర్రుమనడం అంటే ముందుగా నోటీసు ఇవ్వడం. ఆ నోటీసును శిక్షిస్తే, ఈసారి నోటీసు లేకుండానే కరుస్తుంది. రెండు, మనం వేసుకునే నిద్రమాత్రలు, నొప్పిమాత్రలు దానికి ఇవ్వవద్దు. మనుషుల మాత్రలు కుక్క ప్రాణం తీయగలవు. మత్తు అవసరమైతే డాక్టరే ఇస్తారు. మూడు, గుడ్డతో మూతి గట్టిగా కట్టి గంటలు వదిలేయవద్దు. కుక్క నోరు తెరిచి రొప్పుతూనే ఒంటి వేడి తగ్గించుకుంటుంది. నాలుగు, మన వయసువాళ్లం ఒంటరిగా ఈ పనికి పూనుకోవద్దు. చక్కెర వ్యాధి ఉన్నవారికి గాయం త్వరగా మానదు, నెత్తురు పలచబరిచే మాత్రలు వేసుకునేవారికి నెత్తురు త్వరగా ఆగదు. నేల మీద కూర్చుంటే లేవడానికే మనకు ఒక మనిషి కావాలి. చిన్న పీట మీద కూర్చోండి, పక్కన ఒకరిని ఉంచుకోండి.

ఇరవై ఎనిమిదో రోజున నేను చివరి సూది వేయించుకుని వచ్చాను. దాని గడువు కూడా అప్పటికి నిండవచ్చింది. లెక్క చెబితే మీరు నవ్వుతారు. పదిహేడింటిలో నేను తీసినవి రెండు గోళ్లు. కోడలికి ఉన్నదున్నట్టు నివేదించాను. ఆమె ఏమీ అనకుండా వచ్చి కూర్చుని చూసింది. కత్తెర బయటికి తీయగానే టైగర్ మంచం కిందికి పోలేదు. వచ్చి, నా ఎదుట కూర్చుని, ఆ కరిచిన రోజున నేను అదిమిపట్టిన కాలినే ఎత్తి నా అరచేతిలో పెట్టింది. కోడలు లేచి లోపలికి వెళ్లి, "గుడ్లు రెండు ఉడకబెట్టనా మామయ్యా?" అంది. గడువు పొడిగింపునకు అంతకు మించిన ఉత్తర్వు నాకు అక్కరలేదు.

ఆ తరువాత రోజుకొక గోరు. అన్నీ నా వల్ల కాలేదని కూడా చెప్పాలి. వెనుక ఎడమ కాలు ఈనాటికీ ఇవ్వదు. దానికి డాక్టరు గారి దగ్గరికే పోతాం. ముందు కాళ్లకు మాత్రం ఇంకో ఉపాయం దొరికింది. వడ్రంగులు వాడే ఎమరీ కాగితాన్ని ఒక చెక్కపలక మీద అంటించి ఏటవాలుగా పెట్టాను. గుడ్డ కింద ముక్క దాచి దాని మీద పెడితే టైగర్ కాళ్లతో గీరుతుంది, గోళ్లు అరుగుతాయి. కత్తెరే వద్దనే కుక్కలకు ఇది మంచి మార్గం. అన్నిటికంటే మంచి మార్గం మా ఆవిడది, రోజూ నడక. ఇప్పుడు కోడలు, పాప సాయంత్రంపూట దాన్ని కంకర దారి మీద కొంతదూరం తిప్పుకువస్తున్నారు. నేను గేటు దగ్గర కుర్చీ వేసుకుని ఎదురుచూస్తాను.

ఒక్కమాటతో ముగిస్తాను. మనం డిసెంబరు 17న పెన్షనర్ల దినం జరుపుకోవడానికి కారణం 1982లో ఆ రోజున నకారా గారి కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు. పెన్షను ఎవరో దయతలచి వేసే భిక్ష కాదు, చేసిన సేవకు దక్కే హక్కు అని ఆ తీర్పు సారాంశం. మనం ప్రతి ఏడూ ఇక్కడ నిలబడి చప్పట్లు కొట్టే మాట అదే. టైగర్ పదేళ్లు మా గుమ్మం కాపలా కాసింది. మా ఆవిడ వెంట ఏడేళ్లు నడిచింది. ఆవిడ పోయిన తరువాత నెల రోజులు ఆవిడ మంచం పక్కనుంచి కదలలేదు. దాని గోళ్లు చూడడం నేను చేసే దయ అనుకుని మొదలుపెట్టాను, అందుకే విసుక్కున్నాను, అందుకే కొట్టాను. అది దానికి రావలసిన బాకీ అని తెలిశాక చేయి దానంతటదే నెమ్మదించింది.

ఈ రాత్రి ఇంటికి వెళ్లాక మీ కుక్క నడుస్తుంటే ఒక్కసారి చెవి ఒగ్గి వినండి. టిక్కు టిక్కుమని చప్పుడు వస్తే, రేపు పొద్దున్నే కత్తెర తీయకండి. ముందు భుజం మీద చేయి వేయండి.